సీటీలో అనుమానం అన్నారు, ఇప్పుడు ఎంఆర్‌ఐ అంటున్నారు: నాన్న గొంతు గురించి సలహా కావాలి

ఉప్పుటేరు
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది కాకినాడ దగ్గర. నాన్నకు 63 ఏళ్లు. చేపల రేవులో వేలం పాట ఆయన పని. తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు చేరగానే బుట్టల మధ్య నిలబడి ధర పిలుస్తారు. రేవు ఈ కొస నుంచి ఆ కొస దాకా వినిపించే గొంతు. నాలుగు నెలల క్రితం బొంగురు పోయింది. అరిచి అరిచి పోయిందిలే అనుకుని మిరియాల కషాయం, పటికబెల్లం, తేనె అన్నీ అయ్యాయి. చుట్ట మాత్రం మానలేదు. నలభై ఏళ్ల అలవాటు.

పోయిన వారం గొంతు డాక్టరు ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి చూశారు. ఎడమ స్వరతంత్రి మీద కండ పెరిగిందట, ఆ తంత్రి కదలడం లేదట. వెంటనే సీటీ తీయించారు. “థైరాయిడ్ మృదులాస్థిలోకి వ్యాపించి ఉండవచ్చు” అని రిపోర్టు వచ్చింది. అది చూసి ఒక సర్జన్ స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. రెండో అభిప్రాయానికి వెళితే అక్కడి డాక్టరు, తొందరపడవద్దు, ముందు ఎంఆర్‌ఐ, ఆ తర్వాత ముక్క పరీక్ష (కణితిలోంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ) అన్నారు.

నా సందేహాలు ఇవి. ఎంఆర్‌ఐలోనే క్యాన్సరో కాదో తేలిపోతే ముక్క తీయడం తప్పుతుందా? కత్తి తగిలితే పాకుతుందని మా మేనత్త పట్టుబట్టి కూర్చుంది. సీటీ ఉండగా మళ్లీ ఈ స్కాన్ ఎందుకు? పడుకుంటే నాన్నకు దగ్గు తెర వస్తుంది, ఆ గొట్టంలో అంతసేపు ఎలా ఉంటారు? ఇంకొకటి, రిపోర్టులో థైరాయిడ్ అని చూసి మా బాబాయి థైరాయిడ్ మాత్రలు వేయమంటున్నాడు.

నల్లరేగడి
సోమవారం, రాత్రి 10:05

ఒక స్కాన్ చాలదు, రెండోది కావాలి అన్నారంటే మొదటిది దండగ అన్నమాట. మా ఇంట్లో ఇదే జరిగింది. ఒకచోట తీసిన ఫిల్ములు ఇంకోచోట చూడరు, అంతా కమీషన్ల కోసమే. సీటీలో కనిపించనిది ఎంఆర్‌ఐలో కొత్తగా ఏమి కనిపిస్తుంది? పైగా ఎంఆర్‌ఐలో రేడియేషన్ ఇంకా ఎక్కువ అని విన్నాను. ఆలోచించుకోండి.

స్కాన్‌గది
సోమవారం, రాత్రి 10:31

నల్లరేగడి గారూ, రేడియేషన్ సంగతి తిరగేసి విన్నారు. ఎక్స్‌రే కిరణాలు వాడేది సీటీ. ఎంఆర్‌ఐలో ఉండేది పెద్ద అయస్కాంతం, రేడియో తరంగాలు. మన ఒంట్లో నీరు ఉంటుంది కదా, ఆ నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలను అయస్కాంతం ఒక దిక్కుకు సర్దుతుంది. రేడియో తరంగంతో వాటిని కాస్త కదిలించి వదిలేస్తే, తిరిగి సర్దుకునేటప్పుడు సంకేతం ఇస్తాయి. కొవ్వులో ఉన్నవి ఒక తీరుగా, కండలో ఉన్నవి ఇంకో తీరుగా, కణితిలో ఉన్నవి మరో తీరుగా సర్దుకుంటాయి. బొమ్మ ఆ తేడాలతోనే తయారవుతుంది. కణితిలోని నీరు మామూలు కండలోని నీటిలా ప్రవర్తించదని 1971లో డమాడియన్ ఎలుకల కణితుల మీద చూపించాడు. దాన్ని బొమ్మగా మలిచే దారి వేసిన లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ వచ్చింది. తనను పక్కన పెట్టారని డమాడియన్ పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు వేయించాడు. అది వేరే కథ.

అమ్మా ఉప్పుటేరు, గది లోపలి విషయాలు రేపు డ్యూటీ దిగాక వివరంగా రాస్తాను. పదిహేనేళ్లుగా నా ఉద్యోగం ఆ గదిలోనే.

గొంతుడాక్టరు
మంగళవారం, ఉదయం 6:15

మొదట చిన్న సంగతి. మాత్రలు వేయవద్దు. థైరాయిడ్ మృదులాస్థి వేరు, థైరాయిడ్ గ్రంథి వేరు. మగవాళ్ల గొంతు ముందు పొడుచుకు వచ్చినట్లు చేతికి తగులుతుందే, అదే మృదులాస్థి. స్వరపేటికకు ముందు గోడ. గ్రంథి దానికి కింద ఉంటుంది.

ముక్క పరీక్ష తప్పదు. ఎంఆర్‌ఐ ఎంత మంచిదైనా నీడలనే చూపిస్తుంది. అది క్యాన్సర్ కణమని చెప్పగలిగేది సూక్ష్మదర్శిని కింద కణాన్ని చూసిన పాథాలజిస్టు ఒక్కరే. ఆ కాగితం లేకుండా ఏ బాధ్యత గల డాక్టరూ రేడియేషన్ మొదలుపెట్టరు, స్వరపేటిక తీయరు. మీ మేనత్త గారికి ఇలా చెప్పండి: ఇలాంటి గొంతు కణితిలోంచి ముక్క తీసినందువల్ల జబ్బు పాకదు, తీయకుండా నెలలు గడిపితే పాకుతుంది. చాలామంది ముదిరిపోయాక వచ్చి ముక్క తీయించుకుంటారు, ఆ తర్వాత ఏది జరిగినా నింద కత్తి మీద పడుతుంది.

మరి ఎంఆర్‌ఐ ఎందుకు? క్యాన్సరా కాదా అన్న ప్రశ్నకు కాదు, ఎంత దూరం వెళ్లింది అన్న ప్రశ్నకు. గొట్టంతో చూసినప్పుడు మాకు లోపలి పొర మాత్రమే కనబడుతుంది. పొర కింద ఏముందో కనబడదు. మీ నాన్నగారి తంత్రి కదలడం లేదంటే లోతుకు దిగిందని అర్థం. ఇక తేలవలసింది ఆ గోడ సంగతి. కణితి గోడ లోపలి వైపు ఆగిందా, గోడను తొలిచి బయటకు వచ్చిందా? ఆగి ఉంటే మూడో దశ. అక్కడ రేడియేషన్, కీమో కలిపి ఇచ్చి స్వరపేటికను నిలబెట్టడానికి మంచి అవకాశం ఉంటుంది. తొలిచి బయటపడితే నాలుగో దశ, అప్పుడు సాధారణంగా స్వరపేటిక తీయడమే మేలు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు 332 మంది మీద చేసిన పరిశోధన 1991లో వెలువడింది. ముందు కీమో, ఆపైన రేడియేషన్ తీసుకున్నవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి స్వరపేటిక మిగిలింది, ఆయుష్షు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లతో సమానంగానే ఉంది. అందుకే గోడ దాటిందా లేదా అన్న ఒక్క మాట కోసం ఇంత పట్టుదల.

నల్లరేగడి గారి ప్రశ్న నిజానికి మంచి ప్రశ్న. సీటీకి ఇక్కడ ఒక బలహీనత ఉంది. వయసు పెరిగేకొద్దీ ఈ మృదులాస్థి ఎముకగా మారుతుంది, కానీ సమంగా మారదు. ఒక పక్క ఎముక, ఒక పక్క ఇంకా మెత్తని మృదులాస్థి. ఆ మెత్తని భాగం, కణితి సీటీలో దాదాపు ఒకే బూడిద రంగులో కనిపిస్తాయి. అందుకే “వ్యాపించి ఉండవచ్చు” అన్న మాట. రాసినవారి తప్పు కాదు.

రెండో డాక్టరు చెప్పిన వరుస కూడా సరైనదే. ముక్క తీస్తే అక్కడ వాపు వస్తుంది, ఆ వాపు స్కాన్‌లో కణితిని పెద్దదిగా చూపిస్తుంది. వీలైతే స్కాన్ ముందు, ముక్క తర్వాత.

పాతగొంతు
మంగళవారం, ఉదయం 8:50

నాకు 2016లో స్వరపేటిక తీసేశారు. అప్పటికే గోడ దాటి మెడ కండలోకి వచ్చేసింది కాబట్టి ఎవరినీ తప్పుపట్టను. మెడకు రంధ్రం, అందులో చిన్న కవాటం, వేలు అడ్డం పెట్టి మాట్లాడతాను. మనవరాలు నన్ను రోబో తాత అంటుంది. ఫోనులో మాట్లాడితే బ్యాంకు వాళ్లు రికార్డు చేసిన గొంతు అనుకుని పెట్టేస్తారు.

ఇది చెప్పడం భయపెట్టడానికి కాదమ్మా. తీసేయాల్సి వచ్చినా జీవితం ఉంది. కానీ తీయకుండా కుదిరే చోట తీయించుకోవడం ఎందుకు? వేలం పాడే మనిషికి గొంతు అంటే చెయ్యి లాంటిది. మీరు రెండో అభిప్రాయానికి వెళ్లడం మంచి పని.

వేపనీడ
మంగళవారం, మధ్యాహ్నం 1:12

[ఈ వ్యాఖ్య తొలగించబడింది]

నిర్వాహకుడు
మంగళవారం, మధ్యాహ్నం 1:30

గొంతు క్యాన్సర్‌ను 21 రోజుల్లో కరిగించే ఆకుపసరు ప్రకటన, ఫోను నంబరుతో సహా, తొలగించాను. ఇది రెండోసారి. మూడోసారి ఉండదు.

స్కాన్‌గది
మంగళవారం, రాత్రి 8:20

మాట ఇచ్చినట్లు రాస్తున్నాను. పొడవుగా ఉంటుంది, నిదానంగా చదవండి.

గొంతు ఎంఆర్‌ఐ మాకు కష్టమైన పని. మోకాలు చెప్పినట్టు వింటుంది, గొంతు వినదు. ఊపిరి తీస్తే కదులుతుంది, గుటక వేస్తే పైకి కిందికి పరుగెడుతుంది. సీటీలో మెడ మొత్తం కొన్ని సెకన్లలో అయిపోతుంది కాబట్టి ఆ కదలిక అంతగా బాధించదు. ఎంఆర్‌ఐలో మొత్తం అరగంట నుంచి ముప్పావుగంట. ఒక్కో విడత మూడు నాలుగు నిమిషాలు ఉంటుంది, ఆ మధ్యలో రెండు గుటకలు వేస్తే బొమ్మ అంతా దయ్యాలు పట్టినట్లు గీతలు. కాబట్టి నాన్నగారికి ఇంటి దగ్గరే అలవాటు చేయించండి. వెల్లకిలా పడుకుని, నోరు మూసుకుని, ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీస్తూ మూడు నిమిషాలు గుటక వేయకుండా. గడియారం మీరు పట్టుకోండి. యంత్రం మోత వస్తున్నప్పుడు గుటక వద్దు, మోత ఆగగానే ఎన్నయినా వేసుకోవచ్చు. ఈ ఒక్క మాట ముందే చెప్పి పంపితే సగం పని అయినట్లే.

దగ్గు విషయం బుకింగ్ రోజునే చెప్పండి, బల్ల ఎక్కాక కాదు. తల కింద కాస్త ఎత్తు పెట్టవచ్చు. పడుకుంటే ఊపిరి ఈల వేసినట్లు శబ్దం వస్తోందా? వస్తుంటే అది దగ్గు కాదు, దారి ఇరుకైందని. అలాంటప్పుడు స్కాన్ సంగతి తర్వాత, ముందు డాక్టరుకు చెప్పాలి.

ఒంటి మీద లోహం. ఉంగరం, గడియారం అందరూ తీస్తారు. మర్చిపోయేవి వేరే ఉన్నాయి: మొలతాడుకు కట్టిన తాయెత్తు, పెట్టుడు పళ్లు, చొక్కా లోపల గుచ్చిన పిన్నీసు. గుండెకు పేస్‌మేకర్, మెదడు రక్తనాళానికి క్లిప్పు, చెవిలో అమర్చిన యంత్రం ఉంటే తప్పనిసరిగా చెప్పాలి. వెల్డింగు, గ్రైండింగు పని చేసినవాళ్ల కంట్లో ఇనుప రవ్వ ఉండిపోవచ్చు, ముందు ఎక్స్‌రే తీయాలి. గొంతుకు ఇప్పటికే రంధ్రం చేసి లోహపు గొట్టం పెట్టినవాళ్లకు దాన్ని మార్చి ప్లాస్టిక్‌ది పెట్టాకే లోపలికి పంపుతాము.

బంధువులు లోపలికి పరుగెత్తుకు రాకూడదు. స్కాన్ ఆగినా అయస్కాంతం ఆగదు, రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబైలో ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని ఎంఆర్‌ఐ గదిలోకి వెళ్లిన ఒక బంధువు ప్రాణం పోయింది. గది బయట మేము కసురుకుంటామని కోపం తెచ్చుకోకండి.

మధ్యలో చేతి నరానికి గాడోలినియం అనే మందు ఇస్తారు. సీటీలో ఇచ్చే అయోడిన్ మందు కాదు ఇది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లకు జాగ్రత్త అవసరం కాబట్టి క్రియాటినిన్ పరీక్ష కాగితం వెంట తీసుకెళ్లండి. పాత సీటీ ఫిల్ములు, సీడీ కూడా. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే రేడియాలజిస్టుకు పని సులువు.

చరిత్రపిచ్చి
మంగళవారం, రాత్రి 9:45

ముక్క పరీక్ష గురించి డాక్టరు గారు రాసింది చదివితే ఒక చక్రవర్తి గుర్తుకొచ్చాడు. జర్మనీ యువరాజు ఫ్రెడరిక్‌కు 1887లో గొంతు బొంగురు పోయింది. జర్మన్ డాక్టర్లు క్యాన్సర్ అని అనుమానించి గొంతు కోసి తీసేద్దామన్నారు. లండన్ నుంచి మెకంజీ అనే గొంతు వైద్యుడిని పిలిపించారు. ఆయన చిన్న ముక్క తీసి ఇచ్చాడు. దాన్ని చూసినవాడు సామాన్యుడు కాదు, విర్షో, ఆ కాలపు పాథాలజీకి పెద్ద దిక్కు. క్యాన్సర్ కనబడలేదన్నాడు. ఆపరేషన్ ఆగింది. శీతాకాలానికి జబ్బు బయటపడింది. మాట పోయిన స్థితిలోనే 1888 మార్చిలో గద్దెనెక్కి 99 రోజులు ఏలి కన్నుమూశాడు. కొడుకు రెండో విల్‌హెల్మ్ రాజయ్యాడు, మొదటి ప్రపంచ యుద్ధం నాటి కైజరు అతడే.

ఇంకో ముచ్చట. బతికున్న మనిషి స్వరతంత్రులు కదలడాన్ని 1854లో అద్దాలతో చూసి, మరుసటి ఏడాది లోకానికి చాటినవాడు డాక్టరు కాదు, మాన్యుయెల్ గార్సియా అనే సంగీతం మాస్టారు. చూసుకున్నది తన గొంతే.

గొంతుడాక్టరు
బుధవారం, ఉదయం 6:05

చరిత్రపిచ్చి గారి కథకు ఈ చర్చతో సంబంధం ఉంది. తీసిన ముక్కలో క్యాన్సర్ లేకపోవడం, గొంతులో క్యాన్సర్ లేకపోవడం ఒకటి కావు. పైపై పొర నుంచి తీస్తే లోతున ఉన్నది చిక్కకపోవచ్చు. ఎంఆర్‌ఐ లోతున గడ్డ చూపిస్తూ, ముక్కలో ఏమీ లేదని వస్తే మేము నమ్మి ఊరుకోము. మళ్లీ, ఈసారి ఎక్కడ తీయాలో బొమ్మ చూసి తీస్తాము.

చింతతోపు
బుధవారం, ఉదయం 10:20

నాకు 51 ఏళ్లు, రోజుకు ఒక కట్ట బీడీలు. ఇదంతా చదివాక భయం పట్టుకుంది. ఏటా ఒకసారి గొంతు ఎంఆర్‌ఐ తీయించుకుంటే ముందే పట్టుకోవచ్చు కదా?

గొంతుడాక్టరు
బుధవారం, మధ్యాహ్నం 2:40

వద్దు. తంత్రి అంచున బియ్యపు గింజంత తొలిదశ క్యాన్సర్ ఎంఆర్‌ఐలో అసలు కనిపించకపోవచ్చు. అదే కణితి మా గొట్టానికి రెండు నిమిషాల్లో కనబడుతుంది, ఖర్చు కూడా తక్కువ. గొంతు బొంగురు మూడు వారాలు దాటినా, మింగుతుంటే ఒకే పక్క నొప్పి చెవిలోకి లాగినా, మెడలో గడ్డ తగిలినా వెళ్లి చూపించుకోండి. స్కాన్‌కు పెట్టే డబ్బు మిగులుతుంది. బీడీ డబ్బు కూడా.

నల్లరేగడి
బుధవారం, సాయంత్రం 5:15

రేడియేషన్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కమీషన్ల మాట మాత్రం వెనక్కి తీసుకోను. ఉప్పుటేరు గారూ, ప్రభుత్వ పథకం కింద అవుతుందేమో ముందు అడగండి. పేరు ఎన్నిసార్లు మార్చినా మన నోట అది ఆరోగ్యశ్రీయే. పథకం ఉన్న ఆసుపత్రిలోనే రిజిస్టరు చేయించుకుని అక్కడి నుంచే స్కాన్ రాయించుకుంటే మంచిది. బయట చేయించి తర్వాత బిల్లు పెడితే తిరుగుడే మిగులుతుంది, మా అన్నయ్య విషయంలో అనుభవించాను.

ఉప్పుటేరు
శనివారం, రాత్రి 10:10

అందరికీ కృతజ్ఞతలు. నిన్న వెళ్లాం, కాలేదు. రెండో విడతలోనే దగ్గు తెర వచ్చి, ఇబ్బంది అయితే పిలవడానికి చేతికిచ్చిన రబ్బరు బల్బును నాన్న నొక్కేశారు. లేచి కూర్చుని, ఇక ఎక్కను, కోసుకుంటే కోసుకోమను అన్నారు. కారులో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చి చుట్ట వెతుక్కున్నారు. నేను దాచేశాను. పెద్ద గొడవ అయింది. ఆయన గొంతు పెంచలేరు కదా, గుసగుసగానే తిట్టారు. అది వినడం ఇంకా కష్టంగా ఉంది.

పాతగొంతు
శనివారం, రాత్రి 10:25

తిట్టనివ్వండి. నేను పలక మీద రాసి తిట్టేవాడిని, అక్షరదోషాలతో సహా.

పొద్దున మొదటి బుకింగ్ అడగండి. రేవు మనిషి కాబట్టి తెల్లవారుజామున ఆయనకు ఓపిక ఎక్కువ ఉంటుంది.

స్కాన్‌గది
శనివారం, రాత్రి 11:00

ఆయన చేసింది తప్పు కాదు, బల్బు ఇచ్చేది నొక్కడానికే. ఈసారి దగ్గు తగ్గే మందు ముందుగా ఇవ్వవచ్చేమో డాక్టరును అడగండి. అవసరమైన విడతలు ముందు తీయమని, మిగతావి ఓపిక ఉంటేనే అని అక్కడి వారికి చెప్పండి. మంచి టెక్నీషియన్ అయితే విడత విడతకు మైకులో పలకరిస్తాడు: ఇది మూడు నిమిషాలు, ఇది నాలుగు అని. లెక్క తెలిస్తే మనిషి ఓర్చుకుంటాడు.

ఉప్పుటేరు
గురువారం, సాయంత్రం 6:30

అయింది! పొద్దున ఆరింటికి. మైకులో నిమిషాలు చెప్పమని అడిగాను, చెప్పారు. బయటకు వచ్చాక నాన్న, “ఇంజను పడవలో అడుగున పడుకున్నట్టే ఉంది, ఆ మాత్రం మోత మనకు కొత్తా” అన్నారు.

రిపోర్టులో ఉన్నది రాస్తున్నాను. ఎడమ స్వరతంత్రి దగ్గర కణితి, పక్కనున్న కొవ్వు పొరలోకి వ్యాపించింది. థైరాయిడ్ మృదులాస్థిలో మజ్జ కొవ్వు సంకేతం చాలావరకు నిలిచి ఉంది. ఎడమ పక్క ఒక చిన్న చోట మాత్రం మార్పు ఉంది, ఆ చోటు టీ2లో కణితి కంటే ఎక్కువ తెల్లగా ఉంది, వాపు అయి ఉండవచ్చు. బయటి వైపు వ్యాప్తి లేదు. డిఫ్యూజన్‌లో కణితి భాగం మాత్రమే అడ్డంకి చూపుతోంది. మెడలో అనుమానించదగిన లింఫు గ్రంథులు లేవు. ఇది మంచిదా చెడ్డదా?

గొంతుడాక్టరు
గురువారం, రాత్రి 9:10

ఉన్నంతలో మంచిదే. ఎముకగా మారిన మృదులాస్థి లోపల కొవ్వు ఉంటుంది, అది ఎంఆర్‌ఐలో ఒక రకం బొమ్మలో తెల్లగా మెరుస్తుంది. ఆ తెలుపు చెక్కుచెదరకుండా ఉంటే కణితి అక్కడికి చేరలేదని గట్టిగా నమ్మవచ్చు. తెలుపు పోయిన చోట రెండు అవకాశాలు: కణితి అయినా కావచ్చు, పక్కన కణితి ఉండటం వల్ల వచ్చిన వాపు అయినా కావచ్చు. అప్పుడు టీ2 అనే ఇంకో రకం ఎంఆర్‌ఐ బొమ్మ, మందు ఇచ్చాక తీసిన బొమ్మ చూస్తారు. కణితి ఎలా ఉందో ఆ చోటూ అలాగే ఉంటే కణితే. అంతకంటే తెల్లగా ఉంటే వాపు వైపు మొగ్గు. ఈ తేడా తెలియని రోజుల్లో వాపును కూడా కణితి కింద లెక్కగట్టి ఎంఆర్‌ఐ ఎక్కువ చేసి చెబుతుందన్న పేరు ఉండేది.

డిఫ్యూజన్ అంటే నీటి కదలిక. ఖాళీ రేవులో మనిషి ఎటైనా నడుస్తాడు, వేలం వేళ బుట్టల మధ్య అడుగు వేయలేడు. కణితిలో కణాలు అంత ఇరుకుగా ఉంటాయి, నీరు కదలలేదు. వాపులో కదులుతుంది.

ఇక ముక్క పరీక్ష. మత్తు ఇచ్చి చేస్తారు. తర్వాత నిర్ణయం ఒక్కరిది కాకుండా సర్జన్, రేడియేషన్ డాక్టరు, కీమో డాక్టరు కలిసి కూర్చుని తీసుకునేలా చూడండి. నేను ఇక్కడ చెప్పింది రిపోర్టు భాషకు అర్థం మాత్రమే, బొమ్మలు చూసిన వారి మాటే చివరిది.

మంచుదేశం
శుక్రవారం, ఉదయం 7:00

కెనడా నుంచి రాస్తున్నాను. మా వారికి ముక్కు వెనక గొంతు పైభాగంలో వచ్చింది. అక్కడైతే మొదటి నుంచీ ఎంఆర్‌ఐ మీదే ఆధారపడ్డారు, పుర్రె అడుగు ఎముకలోకి, నరాల వెంట పాకిందో లేదో అందులోనే బాగా తెలుస్తుందట. ఒక మాట: రేడియేషన్ అయిన వెంటనే స్కాన్ కోసం తొందరపడకండి. లోపలంతా వాచి ఉంటుంది, ఏది వాపో ఏది మిగిలిన జబ్బో తేలదు. మాకు పన్నెండు వారాలు ఆగి పెట్ సీటీ తీశారు. ఆ పన్నెండు వారాలు నేను నిద్రపోలేదు, కానీ ఆగడమే సరైనది.

ఉప్పుటేరు
తర్వాతి బుధవారం, రాత్రి 8:45

ముక్క పరీక్ష వచ్చింది. క్యాన్సరే, లోపలి పొర కణాల్లో పుట్టే స్క్వామస్ రకం. ముగ్గురు డాక్టర్లు కూర్చుని మూడో దశగా తేల్చారు. స్వరపేటిక తీయడం లేదు. ఏడు వారాల్లో 35 రేడియేషన్లు, మధ్యలో కీమో. లొంగకపోతే అప్పుడు ఆపరేషన్ ఉంటుందని కూడా దాచకుండా చెప్పారు. పాడైన పళ్లు రెండు ముందే పీకించాలట. మేనత్తకు డాక్టరు గారి మాటలు చదివి వినిపించాను. ఆమె ఏమీ అనలేదు, నాన్నకు మజ్జిగ కలిపి ఇచ్చింది.

సోమవారం ముఖానికి అచ్చు తీస్తారట, రేడియేషన్ వేళ తల కదలకుండా బిగించే ముసుగు కోసం. గడ్డం, మీసం తీసేయాలా? గడ్డానికి ఒప్పుకున్నారు. మీసం దగ్గర ఆగిపోయారు.

పాతగొంతు
బుధవారం, రాత్రి 9:00

గడ్డం గీయించండి, ముసుగు మెడకు, దవడకు అతుక్కోవాలి. మీసం గురించి అచ్చు తీసేవాళ్లను అడగండి. నాది ఉంచారు. కాకపోతే అచ్చు తీసిన రోజు ఎంత మీసం ఉందో ఏడు వారాలూ అంతే ఉండాలన్నారు, కత్తెర పట్టుకుని మా ఆవిడ ప్రతి ఆదివారం కొలిచేది.